సోమవారం ఆకలి

కదిరి దాటి, తారు రోడ్డు వదిలి లోపలికొస్తే ఈ ప్రాథమిక పాఠశాల. పొద్దు పది దాటింది. వంటగది వెనక మడుల దగ్గరికి రండి. నిన్న ఆదివారం, నీళ్లు పెట్టినవాళ్లు లేక తోటకూర కాస్త వడిలింది. ఐదో తరగతి పిల్ల గొంతుక్కూర్చుని ఆకు కోస్తోంది. మొక్కను పెరకడం లేదు. కణుపు పైన గోటితో తుంచుతోంది. అలా తుంచితే పక్క కొమ్మలేసి మళ్లీ కోతకొస్తుంది. ఎవరు నేర్పారంటే, "మా అవ్వ" అంటుంది. అమ్మానాన్నలు బెంగళూరులో కూలి పనిలో ఉన్నారు. వానలు లేని ఏడు ఈ పక్క ఊళ్లలో అవ్వలూ పిల్లలే మిగులుతారు.

లోపల పప్పు ఉడుకుతోంది. ఈ తరగతుల్లో బిడ్డకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలని లెక్క. టమాటా ధర మండిపోయినప్పుడు ముందు కోత పడేది ఆ 50 గ్రాములకే. అప్పుడు ఆదుకునేది ఈ పెరడే. కడిగిన ఆకు గుండిగలో పడగానే కమ్మని వాసన వరండా దాకా వచ్చింది. పొగకు కళ్లు తుడుచుకుంటూ కలియబెడుతున్న ఈ వంటామెకు నెలకు ఇచ్చేది రూ.3,000. ఇంతమంది కడుపు నింపే మనిషికి అది అన్యాయమైన కూలి.

గంట మోగింది. పిల్లలు చేతులు కడిగిన నీళ్లు సన్న కాలువలో పడి మునగచెట్టు పాదులోకి పోతున్నాయి. కంచాల్లో అన్నం, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్డు. వేరే రోజుల్లో గుండిగ అడుగున నాలుగు మెతుకులు మిగులుతాయి. సోమవారం మిగలవు. పొద్దున ఏం తిన్నారని వంటామె ఎవర్నీ అడగదు. అడిగితే తిన్నామనే చెబుతారని ఆమెకు తెలుసు. గరిటెడు ఎక్కువేసి ముందుకు కదులుతుంది.

ఒకప్పుడు బడి పిల్లలకు బియ్యం కొలిచి ఇంటికి పంపేవారు. ఇంట్లో అది అందరి కూడు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో బడి పొయ్యిలు వెలిగాయి. ఈ కంచంలోది ఈ బిడ్డదే, ఇంకెవరికీ పంచక్కర్లేదు. ఆ తేడా ఎంతటిదో చూడాలంటే ఆ చివర కూర్చున్న పిల్లాణ్ని చూడండి: గుడ్డు సొన చివరికి దాచుకుని, వేళ్లు నాకుతూ మళ్లీ కంచం చాపాడు.

"ఇంగొంచెం పప్పు ఎయ్యక్కా!"

వేసింది. ఆకు కోసిన పిల్ల అప్పుడే తిని లేచింది.

"అక్కా, రేపు గోంగూర కోసేదా?"

"రేపొద్దు, ఎల్లుండి కోద్దువు. ముందు కంచం కడుక్కో పో."