తెలుపుకు పెత్తనం ఎలా వచ్చింది

పులికాట్ సరస్సుకు తడ ఒక ఒడ్డు. దక్షిణపు కొసన, తమిళనాడు వైపు, పళవేర్కాడు, అంటే పులికాట్ ఊరు, ఉంది. అక్కడి డచ్చివాళ్ల శ్మశానం వాకిట్లో అటూ ఇటూ రాతిలో చెక్కిన అస్థిపంజరాలు నిలబడి ఉంటాయి. లోపల డచ్చి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల సమాధుల మీద పేర్లు, తేదీలు, వంశ చిహ్నాలు. అదే రేవులో ఓడలెక్కించి అమ్మేసిన మనుషుల పేర్లు ఆ రాళ్ల మీద లేవు.

తెల్లజాతి ఆధిపత్యం అనగానే మనకు అమెరికా గుర్తొస్తుంది. దాని పుట్టుక కథలో ఈ తీరానికీ చోటుంది. 1613 ప్రాంతంలో డచ్చి కంపెనీ ఇక్కడ గెల్డ్రియా కోట కట్టింది. 1622-23లో పులికాట్, దేవనాంపట్నం వంటి రేవుల నుంచి 1,900 మంది బానిసలను ఎగుమతి చేసింది. కరువుకు తాళలేక తమను తాము అమ్ముకున్నవాళ్లు, బిడ్డలను అమ్ముకున్నవాళ్లు ఆ కాలంలో ఎందరో. మధ్యలో లాభం తిన్న దళారులు మనవాళ్లే, అదీ చెప్పుకోవాలి. 1630ల్లో ఇదే కోటలో అబ్రహాం రోజీరియస్ అనే పాదిరి ఉండేవాడు. పద్మనాభుడనే బ్రాహ్మణుడిని అడిగి తెలుసుకుని మన ఆచారాల మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఒకే కోటలో వాక్యమూ బోధించారు, మనుషులనూ అమ్మారు. క్రైస్తవులు ఈ చరిత్రను తప్పించుకుని పోకూడదు.

అయితే మొదట్లో అడ్డుగీత రంగు కాదు, మతం. 1452లో, 1455లో పోప్ ఐదవ నికొలస్ పోర్చుగల్ రాజుకిచ్చిన శాసనాలు క్రైస్తవేతరులను లొంగదీసి బానిసలుగా చేసుకోవచ్చన్నాయి. మరి ఆ బానిస బాప్తిస్మం తీసుకుంటే? 1618లో డచ్చి సంస్కరణ సంఘాలు నెదర్లాండ్స్‌లోని డోర్ట్‌లో సభ పెట్టినప్పుడు తూర్పు ఇండీస్ నుంచి ఇలాంటి ప్రశ్నే వచ్చింది. బాప్తిస్మం పొందినవాళ్లను తిరిగి అమ్మకూడదని సభకు వచ్చినవారిలో కొందరు గట్టిగా అన్నారు. ఆ మాట నిలిచి ఉంటే చరిత్ర వేరుగా ఉండేది. నిలవలేదు. 1667లో అమెరికాలోని వర్జీనియా వలస శాసనసభ, బాప్తిస్మం వల్ల బానిస స్థితి మారదని చట్టం చేసింది. మతం గీసిన గీతను బానిసలే దాటుతుంటే, ఎవరూ దాటలేని గీత కావలసి వచ్చింది. ఒంటి రంగు అందుకు పనికొచ్చింది.

మన పక్కనే ఉన్న మద్రాసు చూడండి. దుర్గరాజపట్నంలో వ్యాపారం సాగక ఇంగ్లీషు కంపెనీ 1639-40లో అక్కడికి చేరింది. కోట చుట్టూ ఉన్న తమ పేటను మొదట్లో క్రిస్టియన్ టౌన్ అనేవారు. పద్దెనిమిదో శతాబ్దం మొదలయ్యేసరికి అది వైట్ టౌన్ అయింది. గోడ అవతలిది బ్లాక్ టౌన్. ఆ పేరు పోయి జార్జిటౌన్ అయ్యేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చింది.

ఈ రంగు గీతకు బైబిలును సాక్షిగా నిలబెట్టడం అన్నిటికన్నా పెద్ద పాపం. నల్లవాళ్లు హాము సంతతి, శపించబడినవాళ్లు అని శతాబ్దాల తరబడి ప్రసంగించారు. ఆదికాండము తొమ్మిదో అధ్యాయం తెరిచి చూస్తే నోవహు శపించింది హామును కాదు, కనానును. అందులో రంగు ఊసే లేదు. అపొస్తలుల కార్యముల ఎనిమిదో అధ్యాయంలో ఫిలిప్పు బాప్తిస్మమిచ్చింది కందాకే రాణి కొలువులోని ఐతియొపీయుడికి. అంటే యూరప్‌కు సువార్త చేరకముందే ఒక ఆఫ్రికావాడు క్రైస్తవుడయ్యాడు.

జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషన్ తన ఓడకు ఆ రాణి పేరే పెట్టుకుంది. ఆ ఓడలో మిషనరీలు 1854లో దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరారు. 1865లో అదే మిషన్ సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టింది; నేటి దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం మూలాలు అక్కడున్నాయి. ఇటు మద్రాసు రేవు నుంచి 1860లో తొలి కూలీల ఓడ నేటాల్‌కే వెళ్లింది. ఆ తర్వాతి ఓడల్లో ఉత్తర ఆర్కాటు, చిత్తూరు సీమవాళ్లు ఎందరో. దక్షిణాఫ్రికాలో లూథరన్లు సైతం తెల్లవారికొక సంఘం, నల్లవారికొక సంఘంగా విడిపోయారు. 1984లో బుడాపెస్ట్ సభలో లూథరన్ ప్రపంచ సమాఖ్య ఆఫ్రికా దక్షిణ ప్రాంతంలోని రెండు తెల్ల సంఘాల సభ్యత్వాన్ని నిలిపివేసింది. వర్ణవివక్షను రాజకీయ అభిప్రాయంగా కాక విశ్వాసానికే విరోధమైనదిగా చూసింది. నా మటుకు నాకు, సంఘం ఆలస్యంగానైనా సరిగ్గా మాట్లాడిన సందర్భమది.

అంతకు చాలా ముందే, 1910లో, ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య లేచి నిలబడ్డాడు. మీ త్యాగాలకు తరతరాలు రుణపడి ఉంటాం, కానీ మాకు కావలసింది స్నేహితులు అని తెల్ల మిషనరీల ముఖం మీదే చెప్పాడు. రెండేళ్లకు దోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. అక్కడ ఆయన పని ఎక్కువగా మాల, మాదిగల మధ్య సాగింది.

పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టే జబ్బు తెల్లవాళ్లది మాత్రమే కాదు. మన సంఘాల్లో రక్షణ పొందినవాళ్లం అంటూనే కులం చూసి సంబంధాలు కలుపుకుంటున్నాం, పిల్ల తెల్లగా ఉండాలంటున్నాం. తడ, సూళ్లూరుపేట పాస్టర్లను, సంఘ పెద్దలను ఒకటే కోరుతున్నాను. నోవహు శాపం ఏ రంగునూ ఏ కులాన్నీ తాకలేదని ప్రసంగ పీఠం నుంచి తేల్చి చెప్పండి. చెప్పిన రోజు నుంచి మీ ఇంటి పెళ్లి సంబంధాల్లో ఆ రెండూ అడగడం మానేయండి.