కెమెరా బ్యాగు

ప్రయాణంలో కెమెరాకు, లెన్సులకు దెబ్బ తగలకుండా, దుమ్ము చేరకుండా మోసుకెళ్లే సంచి. ఇప్పుడు సంచి అంటున్నాం గానీ, ఒకప్పుడు ఇది పెట్టె. అంతకుముందు బండెడు సామాను.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ పద్ధతిలో గాజు పలకకు మందు పూసి, అది ఆరేలోపే ఫోటో తీసి కడగాలి. కెమెరా వెళ్లిన చోటికల్లా చీకటి గుడారం, సీసాలు, నీళ్లు వెళ్లాల్సిందే. 1871లో రిచర్డ్ లీచ్ మాడాక్స్ పొడి పలకలకు దారి చూపాక గుడారం తప్పింది, గాజు బరువు తప్పలేదు. 1880ల్లో సికింద్రాబాదులో స్టూడియో తెరిచి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఊరూరా తిరిగి పనిచేసింది గాజు పలకలతోనే. ఆ కోటల, గుళ్ల చిత్రాలు చూసినప్పుడు పలకల పెట్టెలు మోసిన భుజాలు కూడా గుర్తుకు రావాలి.

1925లో లైకా కెమెరా 35 మిల్లీమీటర్ల ఫిల్ముతో వచ్చాక తోలు తొడుగే చాలింది. లెన్సులు పెరిగేసరికి మళ్లీ సంచి కావాల్సి వచ్చింది. అది పుట్టిన తీరు గమనించదగ్గది. కొండలెక్కే గ్రెగ్ లో (Greg Lowe) అనుభవంలోంచి లోప్రో వీపు సంచులు వచ్చాయి. బ్రిటన్‌లో బిల్లింగ్‌హామ్ 1973లో చేపలు పట్టేవారి కోసం కుట్టిన సంచులను న్యూయార్క్ ఫోటోగ్రాఫర్లు కెమెరాలకు వాడుకున్నారు. ఫిలడెల్ఫియా పత్రికా ఛాయాగ్రాహకుడు జిమ్ డామ్కీ 1970ల్లో తన పనికోసమే మెత్తని కాన్వాసు సంచి రూపొందించుకున్నాడు. మూడూ నడకలోంచి వచ్చినవే. అందుకే బ్యాగును ఎన్ని అరలున్నాయని కాక, ఏ దారిన తిరుగుతామన్న దాన్నిబట్టి ఎంచుకోవాలి.

ఉదాహరణకు ఈ దారులు చూడండి: సూర్యాపేట, కోదాడ హైదరాబాద్–విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్నాయి. మిర్యాలగూడ నడికుడి రైలు మార్గంలో ఉంది. పిల్లలమర్రి కాకతీయుల కాలపు ఆలయాలు, ఫణిగిరి బౌద్ధ స్థలం, కృష్ణా–మూసీ కలిసే వాడపల్లి ఈ చుట్టుపక్కలే. ఇక్కడ కెమెరాకు మొదటి శత్రువు ఎండ. మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మూసిన కారులో నల్ల సంచిని వదిలి గుడిలోకి వెళ్లడం కంటే పెద్ద పొరపాటు లేదు. లేత రంగు కాన్వాసు మేలు. రెండోది దుమ్ము. మిర్యాలగూడ రైసుమిల్లుల దగ్గర ఊక, తవుడు జిప్పు పళ్లలోకి దూరతాయి. జిప్పు మీద నిండుగా కప్పే మూత ఉన్న సంచే అక్కడ పనికొస్తుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పొలం గట్లు ఎక్కేవాళ్లకు వీపు వైపు తెరుచుకునే బ్యాగు కావాలి. బురదలో దించినా, మళ్లీ వీపుకు తగిలే పక్కకు మట్టి అంటదు. వానలో తడిసిన సంచిని అలాగే మూసిపెడితే లెన్సుకు బూజు పడుతుంది. ఇంటికి రాగానే ఖాళీచేసి ఆరబెట్టాలి, సిలికా జెల్ పొట్లాలు మార్చాలి.

బరువు లెక్క కాగితం మీద వేసుకోవడం మంచిది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా దాదాపు 700 గ్రాములు, 24-70 లెన్సు 800, 70-200 లెన్సు 1,400, సంచి 1,500. లీటరు నీళ్లతో కలిపి అయిదు కిలోలు దాటుతుంది. దేశీయ విమానాల్లో చేతి సామానుకు సాధారణంగా ఏడు కిలోలే. విడి లిథియం బ్యాటరీలను చెక్-ఇన్ పెట్టెలో వేయనివ్వరు, వెంట ఉంచుకోవాల్సిందే.

రెండేళ్లకోసారి సూర్యాపేట దగ్గరి దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద జరిగే లింగమంతుల స్వామి జాతరకు వీపు సంచి అసలు తగదు. 'ఓ లింగా' అంటూ కదిలే జనంలో వెనక్కి తిరిగే చోటుండదు. ఒక కెమెరా, ఒక లెన్సు, ఛాతీ మీదికి తిప్పుకునే చిన్న సంచి చాలు.