షికారు మాట వెనుక డేగ

సాయంత్రం పూట బెంజ్ సర్కిల్ దాకా షికారుకెళ్ళొద్దామని మనం అంటూనే ఉంటాము. షికారంటే ఫారసీలో వేట. డేగను చేతిమీద పెట్టుకుని వెళ్ళడం అందులో ఒక ఘనమైన పద్ధతి. గల్ఫుకు వెళ్ళిన మన కుర్రాళ్ళు తోలు తొడుగు మీద డేగను నిలబెట్టుకుని ఫోటోలు పంపుతుంటే, ఇదంతా అరబ్బుల సరదా అని పెద్దవాళ్ళు తేల్చేస్తున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

1485లో విజయనగర సింహాసనమెక్కిన నరసింహరాయల వంశం పేరు సాళువ. సాళువమంటే వేటడేగే. అక్బరు కొలువు వివరాలు రాసిన అబుల్ ఫజల్ తన ఐనె అక్బరీలో వేటపక్షుల ముచ్చట కూడా చేర్చాడు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ దొర 1862లో అచ్చయిన తన పుస్తకంలో ఈ పక్షులకు మన పేర్లు రాసిపెట్టాడు. షిక్రా అంటే ఆడపిట్ట, మగది చిపక్. ఆడదే పెద్దది, వేటకు గట్టిది.

మచ్చిక చేయడం తేలిక కాదు. కొత్తగా పట్టిన పిట్ట కళ్ళకు తోలుటోపీ వేసి, కాళ్ళకు వారు కట్టి, రోజుల తరబడి చేతిమీదే మోస్తూ జనంలో తిప్పాలి. మాంసం ముక్క మన చేతినుంచే తినాలి. కడుపు నిండితే పిలిచినా రాదు, మరీ మాడ్చితే నీరసించిపోతుంది. ఆ లెక్క తెలిసినవాడే ఉస్తాదు. తర్వాత పొడుగుతాడు కట్టి పిలుస్తారు. చివరికి ఒకనాడు తాడు విప్పేస్తారు. అప్పుడు ఉస్తాదు గుండె ఎలా కొట్టుకునేదో! షిక్రానైతే గుప్పిట్లో పట్టుకుని వేటమీదికి ఈటెలా విసిరేవారు. షాహీనును మాత్రం ఆకాశంలో తిరగనిచ్చి, పిట్టలు లేవగానే పైనుంచి దూకించేవారు.

సూరె మాయిదాలో శిక్షణ పొందిన వేటప్రాణులు పట్టినది తినవచ్చునని ఉంది. హనఫీ ఫికహ్‌లో కుక్కకు గుర్తు వేటను తినకుండా ఉండటం. డేగకు గుర్తు పిలిస్తే తిరిగి రావడం. రెక్కలున్నదానికి అంతకంటే పరీక్ష ఏముంటుంది?

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో డేగను పట్టడం, పెంచడం నేరం. కనుక కుర్రాళ్ళు అక్కడి సరదాను ఇక్కడ చేయబోవద్దు. ఎమిరేట్సులో డేగలకు పాస్‌పోర్టులు కూడా ఇస్తారట, మనవాళ్ళకంటే వాటికే తొందరగా దొరుకుతాయేమో! యునెస్కో 2010లో ఈ విద్యను మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఆ దేశాల జాబితాలో మన దేశం పేరు లేదు.

పిట్ట మాత్రం ఎక్కడికీ పోలేదు. ఊళ్ళో చెట్లున్న వీధిలో ఉడతలు ఒక్కసారిగా కీచుమంటే తలెత్తి చూడండి. బూడిదరంగు వీపు, ఎర్రటి కన్ను. అదే షిక్రా.