కుక్క ఒంటి గోమార్లు, కొట్టంలోని మందులు

పల్లెల్లో కుక్కకు గోమార్లు పడితే చేసే వైద్యం చాలావరకు పశువుల కొట్టం నుంచి అరువు తెచ్చుకున్నదే. వేపనూనె, కానుగనూనె, వసకొమ్ము పొడి, సీతాఫలం గింజల ముద్ద, పొగాకు కషాయం... ఎద్దుకు పట్టించిందే కుక్కకూ పట్టించారు. చిక్కంతా ఆ అరువులోనే ఉంది. పశువులను పీడించే ముఖ్యమైన గోమారి పిల్లగా ఎక్కిన ఒంటి మీదే పెరిగి పెద్దదవుతుంది. కుక్కను పట్టే గోధుమరంగు గోమారి తీరు వేరు. మూడు దశల్లో మూడుసార్లు ఎక్కి రక్తం తాగుతుంది, మూడుసార్లూ దిగిపోతుంది. చెవి మడతలోనో కాలివేళ్ల సందులోనో బఠాణీ గింజంత ఉబ్బిన ఆడది రాలిపడి, గోడెక్కి, నెర్రెలో దూరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కుక్కకు ఎంత నూనె పూసినా ఆ నెర్రెకు అంటదు.

గోమారి రోగాన్ని మోస్తుందన్న సంగతి కూడా ముందుగా పశువుల్లోనే తేలింది. అమెరికాలో పశువులకు వచ్చే టెక్సాస్ జ్వరం గోమార్ల వల్లే వ్యాపిస్తుందని శాస్త్రవేత్తలు థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ 1893లో నిరూపించారు. దాంతో మందలను పాషాణం కలిపిన తొట్లలో ముంచడం మొదలైంది. ఒళ్లంతా నాక్కునే కుక్కకు అలాంటివి కుదరవు.

పైరెత్రం కథ వేరు. డాల్మేషియా తీరపు చామంతి జాతి పువ్వు అది. ఎండబెట్టి దంచితే పురుగుల మందు, కానీ ఎండ తగిలితే బలం పోతుంది. అందులోని విషపదార్థాల నిర్మాణం గురించి రసాయన శాస్త్రవేత్తలు స్టాడింగర్, రుజిచ్కా 1924లో ప్రకటించారు. ఆ నిర్మాణం ఆధారంగా, ఎండకు నిలిచే పెర్మెత్రిన్‌ను ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో మైఖేల్ ఎలియట్ బృందం 1973లో వెలువరించింది. ‘కెమికల్’ అని మనం ముఖం చిట్లించే, కుక్క ఒంటి మీద వేసే చుక్కల మందుల్లో కొన్నింటి మూలం ఆ పువ్వే. ఆ చుక్కలు ఇంట్లోని పిల్లికి అంటితే ప్రాణం మీదికి వస్తుంది. పువ్వు నుంచి పుట్టినంత మాత్రాన సాధువైపోదు.

వేపకు శాస్త్రలోకంలో పేరు తెచ్చినవి గోమార్లు కావు, మిడతలు. 1959లో సూడాన్‌లో మిడతల దండు అన్నీ మేసి వేపచెట్లను వదిలేయడం కీటక శాస్త్రవేత్త ష్మూటరర్ గమనించాడు. 1968లో వేపలోని క్రియాశీల పదార్థం అజాడిరాక్టిన్‌ను వేరుచేశారు. కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసేసరికి 2007 వచ్చింది, 22 ఏళ్లు పట్టింది. అది పురుగు కుబుసం విడవడాన్ని చెడగొడుతుంది. పంటకు అది చాలు. కుక్కకు చాలదు, ఎందుకంటే కరిచిన గోమారి నుంచి ఎర్లికియా అనే రోగకారక సూక్ష్మజీవి రక్తంలోకి దిగడానికి కొన్ని గంటలే పడుతుంది.

మొక్కల రసాలను గోమార్ల మీద పరీక్షించే పద్ధతుల్లో బాగా వాడుకలో ఉన్నది డ్రమ్మండ్ బృందం 1973లో పశువుల గోమార్ల మీద చేసి చూపినది. రక్తం తాగి నిండిన ఆడదాన్ని మందులో ముంచి, తర్వాత పెట్టిన గుడ్లను తూస్తారు. సీసాలో చచ్చిన గోమారి కుక్క మీదా చస్తుందన్న హామీ లేదు. పైగా సీసాకు నాలుక ఉండదు. పశువుల పైపూత మందుల్లో కలిపే వెల్లుల్లి కుక్క కడుపులోకి పోతే ఎర్ర రక్తకణాలు దెబ్బతింటాయి. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కనుగుడ్డు పుండవుతుంది.

2014లో మాత్రగా వచ్చిన ఫ్లూరలానర్‌కు మొక్కలతో సంబంధం లేదు. సుమారు 12 వారాలు కుక్క రక్తంలో ఉంటుంది. గోడలో గుడ్లు పగిలి, పిల్లలు ఎన్నిసార్లు ఎక్కినా తాగినవి తాగినట్టే చస్తాయి. అంతకాలం వెంట్రుకల మీద నిలిచే కషాయం ఏ కొట్టంలోనూ కాయలేదు.