కల్యాణపురంలో ఎవరు ఎవరి పౌరులు?

1929 నాటి శారదా చట్టంతో 14 ఏళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరమైంది. గోదావరి జిల్లాల పెద్దలు ఉపాయం కనిపెట్టారు: పెళ్లిబృందాన్ని వెంటేసుకుని యానాం పోవడం. అక్కడ ఎగిరేది ఫ్రెంచి జెండా, బ్రిటిషు చట్టం చెల్లదు. ఊరికి కల్యాణపురమని పేరే పడింది. పసిపిల్లల బతుకుతో ఆడిన ఉపాయమే గానీ, సరిహద్దు మహిమ ఇంత సూటిగా కనబడే చోటు మరొకటి నేనెరగను.

ఫ్రెంచివాళ్లు 18వ శతాబ్దంలోనే వచ్చారు. ఊరు మధ్యమధ్య ఇంగ్లీషువాళ్ల చేతికి పోయి తిరిగొచ్చింది. తమాషా ఏమంటే, మనవాళ్లు ఆచారం నిలుపుకోవడానికి పరిగెత్తిన ఆ ఫ్రెంచి నేలపైనే, దాన్ని వదిలించుకునే దారి 1881 నుంచీ ఉంది. స్వంత ధర్మశాస్త్రాన్ని వదులుకుంటున్నానని రాసిచ్చి, ఇంటిపేరొకటి ఎంచుకుంటే చాలు, ఫ్రెంచి సివిల్ కోడ్ వర్తించేది.

యానాంతో పాటు భారత్‌లోని ఫ్రెంచి స్థావరాలు ఎవరివన్న అసలు పేచీ 1947 తర్వాతిది. ప్రజల సమ్మతి లేనిదే భూభాగం ఇవ్వకూడదని 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగం. సరే, ఓటు పెడదామని 1948లో రెండు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. 1949లో బెంగాల్‌లోని ఫ్రెంచి స్థావరం చందర్‌నగర్ భారత్‌లో చేరడానికి ఓటేసింది. మిగతాచోట్ల స్వేచ్ఛగా ఓటు సాగే వాతావరణం లేదంటూ ఢిల్లీ ఆ మాటనుంచి తప్పుకుంది. 1954 జూన్‌లో దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు యానాంను స్వాధీనం చేసుకున్నారు. అక్టోబరులో పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఆ స్థావరాల ప్రతినిధులు 178 మంది ఓటేస్తే, విలీనానికి 170 పడ్డాయి. ఫలితం ఎలాగూ ఇదే అయ్యేదేమో. కానీ మామూలు మనిషిని నేరుగా అడుగుతామన్న మాట మాత్రం గోదాట్లో కలిసిపోయింది, నాకు మింగుడుపడనిది అదే.

అడిగింది ఆ తర్వాత, ఒక్క విషయమే. రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన 1956 విలీన ఒప్పందం 1962 ఆగస్టు 16న అమల్లోకొచ్చింది. ఫ్రెంచి పౌరసత్వం కావాలనుకున్నవాళ్లు ఆరు నెలల్లో రాతపూర్వకంగా చెప్పాలి. యానాంలో పుట్టి అక్కడే ఉంటూ కాగితం పెట్టనివాడు భారతీయుడు. అక్కడే పుట్టి సైగాన్‌లో కొలువు చేసుకుంటున్న అన్న కూడా ఏ కాగితమూ పెట్టకపోతే, ఫ్రెంచివాడుగానే ఉండిపోతాడు.