మెదకు మహాదేవాలయము – దానిని కట్టిన చేతులు



శతవార్షికోత్సవ సంచికలలో బిషప్పుల చిత్రములు, పాస్టర్ల పేర్లు, ప్రతిష్ఠల తేదీలు ఉండుట ఆనవాయితీ. అవి ఉండవలసినవే. మేము మాత్రము ఒక కట్టడమును గూర్చి, దానిని కట్టినవారిని గూర్చి వ్రాయదలచితిమి. ఆ కట్టడము మెదకు మహాదేవాలయము. 2024 డిసెంబరు 25వ తేదీకి దానికి నూరేండ్లు నిండినవి.

వెస్లియన్ మెథడిస్టు మిషనరీయైన చార్లెస్ వాకర్ పోస్నెట్ దొరగారు 1895లో సికింద్రాబాదు చేరి, తరువాత మెదకులో స్థిరపడి సేవచేసిరి. 1914లో దేవాలయపు పని మొదలైనది. అది మొదటి ప్రపంచ యుద్ధకాలము. కరవు పల్లెలను పీడించుచుండెను. ఊరక పంచిపెట్టిన గింజలు మనుష్యుని గౌరవము నిలుపవని తలచి, దొరగారు తిండికి పని అను పద్ధతిని నడిపిరి. పగలు రాయి మోసినవారు సాయంకాలము గింజలు మూటగట్టుకొని ఇంటికి పోయిరి. ఈ విధముగా పదేండ్లు పని సాగి, 1924 క్రిస్మసు దినమున దేవాలయము ప్రతిష్ఠింపబడినది.

దాని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురపు ఎత్తు 175 అడుగులు. సుమారు 5,000 మంది కూర్చుండి ఆరాధింపవచ్చును. మొనదేరిన కమానులు, చూపును పైకి లాగు స్తంభములు గాథిక్ శైలికి గురుతులు. నేలపై పరచిన రంగురంగుల పలకలు బ్రిటన్‌నుండి వచ్చినవి. మార్టూరు, బల్లికురవ క్వారీలలో గ్రానైట్ ఎట్లు కోయుదురో చూచిన మన చిలకలూరిపేటవారికి, యంత్రములు లేని ఆ దినములలో అంత రాతిని చెక్కి, ఎత్తి, నిలుపుట ఎంతటి పనియో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక కిటికీలు. లండను చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వీటిని రూపొందించెను. వేదిక వెనుక క్రీస్తు ఆరోహణము (1927), ఇరుప్రక్కల చేతులవలె చాచిన భాగములలో ఒకవైపు జననము (1947), మరియొకవైపు సిలువ (1958) ఉన్నవి. గాజుపై రంగుపూసి గోడకు తగిలించిన పటములు కావివి. రంగు గాజుముక్కలను సీసపు పట్టీలతో కూర్చి కిటికీలో నిలిపినవి. వెలుపలి వెలుగు గాజుగుండా వచ్చినప్పుడే లోపలివారికి బొమ్మ కనబడును. సూర్యుడు క్రుంకగానే అది మాయమగును. చదువురాని పల్లెజనులకు ఇవి తెరచియుంచిన సువార్త పుటలు.

ఇది పరదేశపు రీతి గదా అని కొందరందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. డోర్నకల్లులో బిషప్ అజరయ్యగారి పూనికతో లేచి, 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దేవాలయములో గుమ్మటములు, మినార్లు, గుడి మండపములను తలపించు స్తంభములు మన దేశపు రీతిని చూపుచున్నవి. అయితే గీసినవారు ఎవరైనను, మెదకులో రాళ్లెత్తిన చేతులు తెలుగు చేతులే. అక్కడికి పోయిన యాత్రికునికి దొరగారి పేరు చెప్పుదురు, కిటికీలు చేసిన చిత్రకారుని పేరు చెప్పుదురు, అడుగుల లెక్క చెప్పుదురు. ఆ కూలీల పేర్లు చెప్పువారు లేరు.

ఇక్కడ మాకు సీనాయి జ్ఞాపకము వచ్చుచున్నది. ఆ పర్వతపాదమున జస్టీనియన్ చక్రవర్తి ఆరవ శతాబ్దములో కట్టించిన ఆర్థడాక్స్ సన్యాసుల మఠము నేటికిని నిలిచియున్నది. చుట్టును గ్రానైట్ కోటగోడ. దేవాలయ వేదికపైన చిన్న చిన్న రంగుముక్కలతో పొదిగిన రూపాంతర దృశ్యము. నడుమ ప్రభువు, ఇరుప్రక్కల మోషే, ఏలీయా, పాదములయొద్ద పేతురు, యోహాను, యాకోబు. అదే దేవాలయపు కప్పు దూలములమీద గ్రీకు అక్షరములు చెక్కియున్నవి. ఒకదానిపై చక్రవర్తికొరకు, ఒకదానిపై గతించిన రాణి థియొడోరా కొరకు ప్రార్థన ఉన్నది. రాణి 548లోను, చక్రవర్తి 565లోను గతించిరి గనుక, ఈ రెంటినిబట్టియే పండితులు కప్పు వేసిన కాలమును నిర్ణయించిరి. మరియొక దూలముపై కట్టడపు మేస్త్రి, ఐలా పట్టణస్థుడైన స్తెఫాను పేరున్నది. నొన్నా అను పేరును, జార్జి, సెర్గియ, థియొడోరా అను వారి పిల్లల పేర్లును ఉన్నవి. రాజు పేరు చెక్కిన కప్పుక్రిందనే మేస్త్రి పిల్లల పేర్లును పదునాలుగు వందల యేండ్లు నిలిచినవి.

ఇది లేఖనముల మార్గమే. ప్రత్యక్షగుడారము పనిచేసిన బెసలేలు, అహోలీయాబుల పేర్లు నిర్గమకాండములో వ్రాయబడియున్నవి. నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయములో గోడ బాగుచేసినవారి వరుసలో షల్లూము కుమార్తెలును ఉన్నారు.

మన ప్రాంతపు సంగతి చూడుడి. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు త్రవ్వు కాంట్రాక్టు పుచ్చుకొని వేలమందికి కూలి కల్పించిరి. గింజలకొరకు మతములో చేరిరను మాట రాకుండ, కరవు దినములలో బాప్తిస్మములు ఆపివేసిరి. పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ లెక్క మన బిడ్డలకు కంఠస్థము. ఆ కాలువ త్రవ్విన తాతల పేర్లు ఎందరి యిండ్లలో నిలిచినవి?

నేడు పాత పెంకుటింటి గుడులు, సున్నపు గోడల ప్రార్థన మందిరములు పడగొట్టి కాంక్రీటు మందిరములు కట్టుచున్నాము. సంఘము పెరిగినప్పుడు చోటు కావలసినదే. మా మనవి యొక్కటే. గునపము వేయకమునుపు పాతగుడి కొలతలు తీయుడి, ఫోటోలు తీయుడి. ముసలివారియొద్ద కూర్చుండి, పునాది త్రవ్వినది ఎవరు, తాపీ పట్టిన మేస్త్రి ఎవరు, తట్టలు మోసిన తల్లులెవరు, పత్తి తీసిన కూలిలోనుండి, మిరపకోత కూలిలోనుండి కానుక యిచ్చినదెవరు అని అడిగి వ్రాసికొనుడి. ఆ జాబితాను సంఘపు రిజిస్టరులో బాప్తిస్మముల పుటల ప్రక్కనే ఉంచుడి. క్రొత్త మందిరపు శిలాఫలకముమీద ప్రారంభకుల పేర్లతోపాటు మేస్త్రి పేరునకును ఒక వరుస విడువుడి.

ఆ తాతమ్మలలో కొందరు ఇంకను మన మధ్య ఉన్నారు. వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అడుగుడి.