మిద్దె మీద టమాటా: ఏ నెలలో వేయాలి, పూత ఎందుకు రాలుతుంది, కాయ ఎలా నిలుస్తుంది

2023 జులై చాలా ఇళ్లలో ఇంకా గుర్తుండే ఉంటుంది. మదనపల్లె మార్కెట్ యార్డులోనే మొదటి రకం టమాటా కిలో 200 రూపాయల దగ్గరకు వెళ్లింది. మన బజారుకు వచ్చేసరికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. దాల్చాలో పులుపంతా చింతపండు మీదే నెట్టేసి, టమాటా కట్ మాటే ఎత్తకుండా గడిపిన ఇళ్లు ఎన్నో. ఆ నెలలోనే "ఇక మనమే పెంచుకుందాం" అని కుండీలు, మట్టి, నారు కొన్నవాళ్లూ తక్కువేం కాదు. సెప్టెంబరుకల్లా ధర కిందికి పడిపోయింది. కుండీల్లో మొక్కలు కొన్ని ముడుచుకుపోయాయి, కొన్ని ఏపుగా పెరిగాయి గానీ కాయలేదు. "మా చేతికి మొక్కలు రావు" అనుకుని వదిలేశారు.

తప్పు చేతిది కాదు, చాలాసార్లు నెలది. టమాటా ఎండను ఇష్టపడుతుంది, కానీ వేడిని ఇష్టపడదు. పగలు 21 నుంచి 28 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే దానికి హాయి. పగలు 35 దాటినా, రాత్రిళ్లు బాగా ఉక్కగా ఉన్నా పువ్వులోని పుప్పొడి పని చేయదు. పువ్వు విచ్చుకుంటుంది, రెండు మూడు రోజులుంటుంది, కాడతో సహా రాలిపోతుంది. మొక్క మాత్రం పచ్చగానే ఉంటుంది కాబట్టి ఎరువు చాలలేదేమో అనుకుని ఇంకా వేస్తాం. దాంతో ఆకు పెరుగుతుందే తప్ప కాయ రాదు.

వేసవిలో, వానాకాలం మొదట్లో మన మార్కెట్లకు మదనపల్లె నుంచి, పక్కనున్న కర్ణాటకలోని కోలారు నుంచి సరుకు రావడానికి కారణం కూడా ఇదే. మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి రాత్రిళ్లు చల్లగా ఉంటాయి. విజయవాడలోనో గుంటూరులోనో మే నెలలో మిద్దె మీద పెట్టిన మొక్కకు ఆ చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది?

లెక్క వెనక నుంచి వేయండి

విత్తనం వేసిన 25 నుంచి 30 రోజులకు నారు నాటడానికి వస్తుంది. నాటాక ఇంకో నెలకు పూత. పువ్వు కాయై పండడానికి సుమారు 40, 45 రోజులు. అంటే విత్తనం నుంచి మొదటి పండుకు మూడున్నర నెలలు పడుతుంది. పూత చల్లని రోజుల్లో పడేలా చూసుకుంటే చాలు.

హైదరాబాద్, వరంగల్, కర్నూలు వైపు ఆగస్టు మొదటి పక్షంలో విత్తనం వేస్తే అక్టోబరులో పూత, నవంబరు చివర్లో పండు. కోస్తాలో ఉక్క ఆలస్యంగా తగ్గుతుంది కాబట్టి సెప్టెంబరు చివర వేయడం మేలు. రెండో విడత కావాలంటే నవంబరు మొదట్లో ఇంకో నాలుగు కుండీల్లో వేసుకోవచ్చు, మార్చి దాకా కాస్తాయి. జనవరిలో విత్తనం వేస్తే మాత్రం ఏప్రిల్ ఎండలో పూత వచ్చి రాలిపోతుంది. ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

కాబట్టి ధర మండిన జులైలో కుండీ కొనడం తప్పేం కాదు, నిజానికి అదే సరైన సమయం. ఆ జులై కూరకే పండు కావాలనుకోవడం దగ్గర తేడా వస్తుంది.

విత్తనం, నారు

వంటింట్లో పండిన టమాటా పిసికి వేసినా మొలుస్తుంది. అది నాటు రకమైతే ఫర్వాలేదు. బజారులో దొరికేవి ఎక్కువగా హైబ్రిడ్‌లు. వాటి గింజలు మొలిచినా తల్లి మొక్కలాగే కాస్తాయన్న నమ్మకం లేదు. ఇంటికి నా మాటైతే అర్క రక్షక్. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ తయారుచేసిన హైబ్రిడ్ ఇది. ఆకుముడత వైరస్, బాక్టీరియా వల్ల వచ్చే వడలు తెగులు, ఆకుమాడు తెగులు, మూడింటినీ తట్టుకుంటుంది. ఆ సంస్థ విత్తనాలను ఆన్‌లైన్‌లో కూడా అమ్ముతుంది. విత్తనం దాచుకోవాలనుకునేవాళ్లు పూసా రూబీ, పీకేఎం-1 లాంటి సూటి రకాలు తీసుకోవాలి.

నర్సరీ నారు కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోవద్దు. ఒకసారి నేను జానెడు పొడవున్నవే ఏరుకుని తెచ్చాను, అవి నీడలో సాగిపోయిన నారు. వారంలో సగం వాలిపోయాయి. కాండం పెన్సిల్ మందాన ఉండి, ఆకు అడుగున తెల్లదోమ లేని పొట్టి నారే మంచిది. ఆకు తిప్పి చూడడానికి మొహమాటపడొద్దు.

నాటేటప్పుడు కింది ఆకులు తుంచి, కాండాన్ని మొదటి ఆకుల దాకా మట్టిలో దించండి. మట్టిలో ఉన్న కాండం నుంచి కూడా వేర్లు వస్తాయి, టమాటాకు ఆ గుణముంది. వంకాయకు, మిరపకు ఇలా చేయకండి.

కుండీ, మట్టి, మిద్దె

చిన్న కుండీలో పెద్ద మొక్క నిలవదు. మొక్కకు ఒక 20 లీటర్ల పెయింట్ డబ్బా చాలు, అడుగున ఐదారు రంధ్రాలు పెట్టాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, దాంట్లో రెండు గుప్పిళ్ల వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేర్లు దెబ్బతింటాయి.

తడిసిన మట్టితో ఆ డబ్బా పాతిక కిలోల దాకా తూగుతుంది. పది డబ్బాలంటే లెక్క వేసుకోండి. గోడ వారగా, దూలాల మీదుగా పెట్టాలి, స్లాబు మధ్యలో గుంపుగా వద్దు. కింద ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు, స్లాబు చెమ్మ పట్టదు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ముందే యజమానికి చెప్పడం మంచిది. మొక్కల మీద కంటే చెమ్మ మీదే గొడవలు ఎక్కువ వస్తాయి. రోజుకు కనీసం 6 గంటల నేరుగా ఎండ లేని బాల్కనీలో టమాటా పెట్టొద్దు. అక్కడ పుదీనా, పాలకూర వేసుకోండి.

నీళ్ల దగ్గరే అసలు కష్టం

కాయ అడుగున నల్లగా, తోలులా మచ్చ వస్తుంది. చాలామంది పురుగనుకుని మందు కొడతారు. అది పురుగు కాదు, తెగులూ కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా, అది నీళ్లతో పాటే మొక్కలోకి వెళుతుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు బక్కెట్ నిండా పోస్తే ఆ సరఫరా తెగిపోతుంది. గుడ్డు పెంకుల పొడి మంచిదే గానీ చాలా నెమ్మదిగా కరుగుతుంది, ఈ పంటకు అందదు. నీళ్లు ఒకేలా పోయడమే మందు. పండే దశలో కాయ పగలడానికి కూడా చాలావరకు ఇదే కారణం.

వేలు రెండు అంగుళాలు మట్టిలో పెట్టి చూడండి. తడి తగిలితే ఆరోజు వద్దు. పొడిగా ఉంటే పొద్దున్నే మొదట్లో, ఆకులు తడవకుండా, అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోయండి. పైన ఎండుటాకులో కొబ్బరిపీచో పరిస్తే తడి నిలుస్తుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు నీళ్లు పోసేవాళ్లుంటే మొక్క చచ్చేది ఎక్కువగా అతి నీళ్లతోనే. మా ఖాలా ఇంట్లో అదే జరిగింది. పొద్దున ఆమె, సాయంత్రం కోడలు, మధ్యలో పిల్లలు. తర్వాత ఆ పని ఒక్కరికే అప్పజెప్పారు.

బియ్యం కడిగిన నీళ్లు పోయొచ్చు. మాంసం, చేపలు కడిగిన నీళ్లు మాత్రం కుండీలో వద్దు. చీమలు, ఎలుకలు, వాసన అన్నీ వస్తాయి. పూత మొదలయ్యే దాకా 15 రోజులకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు, తర్వాత అదే మోతాదులో కొంచెం కట్టెల బూడిద కలిపి వేస్తే చాలు. యూరియా జోలికి పోవద్దు.

పూత, పురుగు

టమాటా పువ్వు తనకు తానే ఫలదీకరణ చెందుతుంది, తేనెటీగ తప్పనిసరి కాదు, కదలిక చాలు. పై అంతస్తులో గాలి లేకపోతే పొద్దున 9, 10 గంటల మధ్య పూగుత్తి వెనక కాడను వేలితో రెండుసార్లు తట్టండి. పిల్లలకు ఈ పని బాగా నచ్చుతుంది.

ఆకులు పైకి ముడుచుకుని, చిన్నవై, మొక్క గిడసబారితే అది ఆకుముడత వైరస్. దానికి మందు లేదు. తెల్లదోమ దాన్ని మొక్క నుంచి మొక్కకు మోస్తుంది. మనసు రాకపోయినా ఆ మొక్కను పీకి, కవరులో కట్టి పారేయాలి. ఒక్కదాన్ని కాపాడబోయి పక్కనున్నవన్నీ పోగొట్టుకుంటాం. మిగిలినవాటి మధ్య పసుపు జిగురు అట్టలు వేలాడదీసి, వారానికోసారి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం ఆకు అడుగున కొట్టండి. కాయకు రంధ్రం కనిపిస్తే కాయతొలుచు పురుగు. నాలుగు మొక్కలకు చేత్తో ఏరేయడం చాలు, మధ్యలో రెండు బంతి మొక్కలు పెడితే అది అటు కూడా మళ్లుతుంది.

పండిన తర్వాత

కాయ అడుగున గులాబీ రంగు తిరగ్గానే కోసెయ్యొచ్చు, గదిలో రెండు మూడు రోజుల్లో పూర్తిగా ఎర్రబడుతుంది. చిలకలకు, ఉడతలకు ముందే మనకు దక్కుతుంది. పచ్చిగా ఉన్నవాటిని ఫ్రిజ్‌లో పెడితే రుచి పోతుంది.

చలికాలంలో బజారులో కూడా టమాటా తరచుగా చవగ్గానే ఉంటుంది, కాబట్టి మీ పది మొక్కల పంట అప్పుడు డబ్బు పెద్దగా మిగల్చదు. ఫిబ్రవరిలో ఒక్కసారిగా పండినవాటిని ముక్కలు కోసి, ఉప్పు చల్లి, పల్చటి గుడ్డ కింద మూడు నాలుగు రోజులు ఎండబెట్టి ఒరుగులు చేయండి. కరకరలాడేదాకా ఎండితేనే గాలి చొరని సీసాలో పెట్టాలి, మెత్తగా ఉంటే బూజు పడుతుంది. లేదా ఉడకబెట్టి, మెత్తగా రుబ్బి, ఒక్కో కూరకు సరిపడా చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టండి. జులైలో దాల్చాకు తీసేది ఆ డబ్బానే.